పాలిచ్చే తల్లి కుట్ల నొప్పికి లిగ్నోకైన్ జెల్ రాసుకోవచ్చా?

రాసుకోవచ్చండీ. కుట్ల దగ్గరికని డాక్టర్ చీటీలో రాసిన లిగ్నోకైన్ జెల్ (రాసిన చోట మొద్దుబార్చి నొప్పి తెలియకుండా చేసే మందు) పాలలో కలిసి పాపకు చేరుతుందేమోనని అడిగారు కదా, కాన్పయ్యాక నాకూ అదే టెన్షన్. అప్పుడు మా గైనకాలజిస్టు విడమరిచి చెప్పిందే మీకూ చెబుతున్నాను.

పైపూతగా కొంచెం రాసుకుంటే రక్తంలోకి వెళ్లేది తక్కువ, అందులోంచి పాలలోకి దిగేది మరీ తక్కువ. ఆ కాస్త పాప కడుపులోకి వెళ్లినా ఒంటికి సరిగా పట్టదు. పన్ను పీకేటప్పుడు లిగ్నోకైన్ ఇంజెక్షన్ చేసినా పాలు ఆపక్కర్లేదనేది అందుకే. కాబట్టి పాలు పిండి పారబోయకండి. అయితే చెప్పినంతే రాసుకోండి. ఎక్కువ మేర పూసినా, మందంగా పట్టించినా ఒంట్లోకి వెళ్లేది పెరుగుతుంది.

నిజంగా జాగ్రత్త పడాల్సింది మన చేతుల దగ్గర. జెల్ రాసుకున్నాక సబ్బుతో, గోళ్ల సందుల్లో కూడా రుద్ది కడుక్కున్నాకే పాపను ఎత్తుకునేదాన్ని. పసిపిల్లలు మన వేళ్లు చీకుతారు కదా.

చనుమొనలు పగిలినప్పుడు మాత్రం ఆ జెల్ అక్కడ రాయొద్దు. ఆ మంటలో రాసేసుకోవాలనిపిస్తుంది, నాకు తెలుసు. కానీ అది నేరుగా పాప నోట్లోకే వెళ్తుంది. నాలుక, గొంతు మొద్దుబారితే చీకడం, మింగడం కష్టమవుతుంది. నాకు పగుళ్లు వచ్చినప్పుడు డాక్టర్ ముందు పాప పట్టు సరిచేశారు: నోరు బాగా తెరిచాక, మొన ఒక్కటే కాకుండా చుట్టూ ఉన్న నల్లటి భాగం కూడా నోట్లోకి వెళ్లాలి, గడ్డం రొమ్ముకు ఆనాలి, కింది పెదవి బయటికి తిరగాలి. సగం నొప్పి దాంతోనే పోయింది.

ట్యూబు మీద పేరు తప్పకుండా చదవండి. బెంజోకైన్, ప్రైలోకైన్ అని ఉంటే, అవీ మొద్దుబార్చే మందులే అయినా, డాక్టర్‌ని అడగకుండా వాడొద్దు. ఇవి పసిపిల్లల ఒంట్లోకి వెళితే, రక్తం ఆక్సిజన్‌ను సరిగా మోయలేని స్థితి రావచ్చు. పళ్లొచ్చేటప్పుడు చిగుళ్లకు రాసే బెంజోకైన్ జెల్స్ రెండేళ్లలోపు పిల్లలకు వాడొద్దని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2018లో హెచ్చరించింది కూడా. పాప పెదవులు నీలంగానో బూడిద రంగులోనో మారినా, ఊపిరి ఎగపోస్తున్నా, మరీ మందకొడిగా ఉన్నా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

మీ పాప నెలలు నిండకుండా పుట్టి ఉంటే ఆ సంగతి డాక్టర్‌కి మరోసారి గుర్తు చేసి, ఎంత రాసుకోవాలో, రోజుకి ఎన్నిసార్లో అడిగి రాయించుకోండి.