ఇంజిన్ మార్పిడి: పాతది దింపకముందే

ప్రశ్న: నా చిన్న కారుకు ఒక లీటరు కార్బ్యురేటర్ ఇంజిన్, ముందు చక్రాల డ్రైవ్. అందులో 1.3 లీటర్ల ఇంజెక్షన్ ఇంజిన్ పెట్టాలని ఉంది. ఒకచోట ఇంజిన్, గేర్‌బాక్స్ మాత్రమే అమ్ముతున్నారు. ఇంకోచోట వెనక నుంచి గుద్దించుకున్న కారు మొత్తం దొరుకుతోంది, ధర కాస్త ఎక్కువ. మొదటిసారి చేస్తున్నాను, ఏది కొనమంటారు?

జవాబు: కారు మొత్తం కొనండి. ఈ పనిలో ఇంజిన్ దొరకడం తేలిక, దాని చుట్టూ ఉండేవే దొరకవు. ఈసీయూ (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్), కోయని వైరింగ్, ఫ్యూజు బాక్సు, రిలేలు, ఆక్సిలరేటర్ పెడల్, ఆక్సిజన్ సెన్సరున్న సైలెన్సర్ పైపు, ఫ్యూయల్ పంపు, డ్రైవ్ షాఫ్టులు (గేర్‌బాక్స్ నుంచి చక్రాలకు వెళ్లే కడ్డీలు), మౌంటింగులు (ఇంజిన్ కూర్చునే రబ్బరు దిమ్మలు), గేర్ కేబుళ్లు, చివరికి తాళంచెవి కూడా ఒకే బండివి కావాలి. చెవిలోని చిప్పును ఇమ్మొబిలైజర్ (దొంగతనాన్ని అడ్డుకునే పరికరం) గుర్తుపట్టకపోతే స్టార్టర్ తిరిగినా ఇంజిన్ అంటుకోదు, అంటుకున్నా క్షణాల్లో ఆగిపోతుంది. ‘వైరింగ్‌దేముంది సార్, తర్వాత పంపిస్తా’ అనే అమ్మకందారు దగ్గర కొనకండి. ఆ తర్వాత అనేది రాదు.

బండి ఇంకా నడిచే స్థితిలో ఉంటే కొనేముందే కంప్రెషన్ (సిలిండర్‌లో పిస్టన్ గాలిని నొక్కే ఒత్తిడి) చూడొచ్చు. ఇంజిన్ వేడిగా ఉండగా ఫ్యూయల్ పంపు ఫ్యూజు, కాయిల్ కనెక్టర్ తీసేయండి. ప్లగ్గులన్నీ విప్పి, థ్రాటిల్ పూర్తిగా తెరిచి, ఒక్కో సిలిండర్‌కు గేజి పెట్టి పిస్టన్ ఐదారుసార్లు నొక్కేదాకా స్టార్టర్ తిప్పండి. పెట్రోల్ ఇంజిన్లలో సాధారణంగా 150 నుంచి 200 పీఎస్ఐ మధ్య వస్తుంది. అసలు అంకె కన్నా సిలిండర్ల మధ్య తేడా ముఖ్యం. అది 15 శాతం దాటితే అనుమానించండి. తక్కువ చూపిన సిలిండర్‌లో చెంచాడు ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ చూడండి. అంకె పెరిగితే పిస్టన్ రింగులు అరిగినట్టు, పెరగకపోతే వాల్వుల్లోనో హెడ్ గాస్కెట్‌లోనో లోపం.

కంప్రెషన్ తేడా రాగానే బేరం మానుకోమనడం లేదు. రీబోర్ (సిలిండర్లను కోసి సరిచేసే పని) ఖర్చు లెక్కలో వేసుకుని మాట్లాడండి.

ఇంజిన్ నంబరు మారుతుంది కాబట్టి రవాణా శాఖ నుంచి అనుమతి, ఇన్సూరెన్స్ సంస్థకు సమాచారం ముందే. పని అయ్యాక వెళితే ఇబ్బంది పడతారు.

ప్రశ్న: కొత్త ఇంజిన్ నా కారులో పడుతుందో లేదో పాత ఇంజిన్ విప్పకుండా తెలుసుకోవచ్చా?

జవాబు: చాలావరకు తెలుస్తుంది. పుల్లీ చివర నుంచి గేర్‌బాక్స్ చివరిదాకా పొడవు కొలిచి, ఛాసిస్ పక్క దూలాల మధ్య ఖాళీతో పోల్చండి. తర్వాత సంప్ (ఇంజిన్ కింద ఆయిల్ నిలిచే గిన్నె) అడుగు క్రాస్‌మెంబర్‌కు (కారు అడ్డ దూలానికి) తగులుతుందా, ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ (పొగ బయటికి పోయే గొట్టాల కూర్పు) స్టీరింగ్ షాఫ్టుకు ఎంత దగ్గర, ఆయిల్ ఫిల్టర్ విప్పడానికి చెయ్యి పడుతుందా అన్నవి చూడండి. ఫిల్టర్ సంగతి చాలామంది మరిచిపోతారు, మొదటి ఆయిల్ మార్పు రోజున గుర్తొస్తుంది.

బానెట్ ఎత్తు కొలతకు మాత్రం టేపు చాలదు, అది పాత ఇంజిన్ దింపాకే తేలుతుంది. ఖాళీ బ్లాకును, హెడ్‌ను లోపల కూర్చోబెట్టి, ఎత్తైన చోట్ల మెత్తని మట్టి ముద్దలు పెట్టి బానెట్ మెల్లగా మూయండి. మళ్లీ తెరిచి నలిగిన ముద్ద మందం కొలిస్తే ఎంత ఖాళీ ఉందో తేలిపోతుంది. రబ్బరు మౌంటింగుల మీద ఇంజిన్ ఊగుతుంది కనుక అన్ని వైపులా 20 నుంచి 25 మి.మీ. వదలండి.

సంప్ తగిలితే ఇంజిన్ పైకి లేపాలని చూడకండి, డ్రైవ్ షాఫ్టుల కోణం చెడుతుంది. సంప్ కోసి అతికించడమే నయం. పిక్‌అప్ (ఆయిల్ పీల్చే గొట్టం) మూతికి, అడుగుకు మధ్య 6 నుంచి 10 మి.మీ. ఉంచండి. అడుగు తగ్గించిన మేర పక్కలు పెంచకపోతే ఆయిల్ తక్కువ పడుతుంది, మలుపుల్లో పిక్‌అప్ గాలి పీలుస్తుంది.

మౌంటింగులకు దాత కారు (మీరు కొన్న, ఇంజిన్ తీసిన కారు) రబ్బర్లే వాడండి. ఇంజిన్ బరువు వాటిమీద పడ్డాక బ్రాకెట్లకు చుక్క వెల్డింగ్ పెట్టి, డ్రైవ్ షాఫ్టులు ఎక్కించి చూసి, ఇంజిన్ దింపాకే పూర్తి వెల్డింగ్ చేయండి. పలుచని బాడీ రేకుకు నేరుగా కాకుండా 3 మి.మీ. ప్లేటు వేసి వెల్డ్ చేయించండి. ముందుగా బ్యాటరీ తీసేసి, ఈసీయూ విప్పి పక్కన పెట్టాలి.

షాఫ్టుల పొడవు చక్రం వేలాడుతున్నప్పుడు ఒకసారి, సస్పెన్షన్ పూర్తిగా అణిగినప్పుడు ఒకసారి కొలవండి. పొట్టిదైతే జాయింట్ ఊడి వస్తుంది. పొడవైతే లోపలికి గుద్దుకుని గేర్‌బాక్స్ బేరింగులు పాడుచేస్తుంది.

ప్రశ్న: పాత ట్యాంకు, పంపుతో ఇంజెక్షన్ ఇంజిన్ నడపలేనా?

జవాబు: పంపుతో కాదు. కార్బ్యురేటర్ పంపు ఇచ్చేది 3 నుంచి 6 పీఎస్ఐ, ఇంజెక్షన్‌కు సాధారణంగా 3 బార్, అంటే దాదాపు 43 పీఎస్ఐ కావాలి. పాత ట్యాంకును మాత్రం ఉంచుకోవచ్చు. అయితే దానిలో ఇంధనాన్ని అడ్డుకునే పలకలు సాధారణంగా ఉండవు, కాబట్టి ట్యాంకు సగంలో ఉన్నా మలుపులో పెట్రోలు పక్కకు పారి పంపు గాలి లాగుతుంది, ఇంజిన్ దగ్గుతుంది. దాత కారు పంపు గిన్నెను (పంపు చుట్టూ పెట్రోలు నిలిపే పాత్రను) ట్యాంకులోనే అమర్చడం ఉత్తమం. లేదంటే మధ్యలో చిన్న సర్జ్ ట్యాంకు (ఎప్పుడూ పెట్రోలు నిండి ఉండే చిన్న పాత్ర) పెట్టండి. ప్రెషర్ రెగ్యులేటర్ ఇంజిన్ దగ్గర ఉంటే మిగిలిన పెట్రోలు వెనక్కి వెళ్లేందుకు ట్యాంకుకు రిటర్న్ లైను కూడా కావాలి. హోసు, క్లిప్పు రెండూ ఇంజెక్షన్‌కు సరిపడినవే కొనండి. పంపు రిలేను ఈసీయూ నడపాలి, ఇంజిన్ ఆగితే పంపూ ఆగాలి. దాన్ని నేరుగా ఇగ్నిషన్‌కు కలిపితే ప్రమాదంలో పగిలిన పైపులోంచి పెట్రోలు పోస్తూనే ఉంటుంది.

ప్రశ్న: ఇంజిన్ ఎక్కించాను. స్టార్టర్ నెమ్మదిగా తిరుగుతోంది, ఆక్సిలరేటర్ కేబుల్ వేడెక్కి వాసన వచ్చింది. స్టార్టర్ పోయిందా?

జవాబు: స్టార్టర్‌ను ముట్టుకోకండి. ఎర్త్ పట్టీ బిగించలేదు. ఇంజిన్ రబ్బర్ల మీద కూర్చుంది కాబట్టి స్టార్టర్ కరెంటు బాడీకి వెళ్లే దారి లేక ఆ సన్నని కేబుల్‌ను పట్టుకుంది. బ్లాకు నుంచి బాడీకి లావు ఎర్త్ పట్టీ, బ్యాటరీ నెగటివ్ నుంచి బ్లాకుకు మరో తీగ వేయండి. రెండుచోట్లా రంగు గీకేయాలి. స్టార్టర్ తిప్పుతుండగా బ్లాకుకు, బ్యాటరీ నెగటివ్‌కు మధ్య మీటరు పెడితే 0.2 వోల్టులు దాటకూడదు. ఆ కేబుల్ లోపల కరిగి ఉంటుంది, మార్చేయండి. తొక్కినప్పుడు ఇరుక్కుపోతే బ్రేకుల మీద భారం వేసినట్టే.

ప్రశ్న: గేర్‌బాక్స్ కలిపేటప్పుడు, మొదటిసారి స్టార్ట్ చేసేటప్పుడు ఏం చూసుకోవాలి?

జవాబు: ఇంజిన్ బయట ఉండగానే వెనక క్రాంక్ సీలు, క్లచ్ ప్లేటు, రిలీజ్ బేరింగ్, బెల్టు ఉన్న ఇంజినైతే టైమింగ్ బెల్టు, టెన్షనర్, వాటర్ పంపు మార్చండి. క్లచ్ ప్లేటు తిరగేసి బిగిస్తే పెడల్ తొక్కినా క్లచ్ వదలదు. ‘ఫ్లైవీల్ వైపు’ అన్న గుర్తు చూసుకోండి. ప్లేటును మధ్యకు పట్టే పిన్నుతో సరిచేశాకే ప్రెషర్ ప్లేటు బిగించాలి. బ్లాకులో డోవెల్ పిన్నులు (గేర్‌బాక్స్‌ను సరైన చోట నిలిపే చిన్న కడ్డీలు) రెండూ ఉన్నాయో లేదో తడిమి చూడండి. గేర్‌బాక్స్ చేతితోనే పూర్తిగా ఆనుకోవాలి. సందు మిగిలిందని బోల్టులతో లాగితే బెల్ హౌసింగ్ (క్లచ్‌ను కప్పే గేర్‌బాక్స్ ముందు భాగం) చెవి విరుగుతుంది, లేదా క్లచ్ హబ్ వంగుతుంది. రెండు మి.మీ. సందైనా సరే, వెనక్కి తీసి మళ్లీ చూడండి.

స్టార్ట్ చేసేముందు ప్లగ్గులు విప్పి, పంపు ఫ్యూజు తీసి, పదేసి సెకన్లు స్టార్టర్ తిప్పండి, మధ్యలో నిమిషం ఆగండి. ఆయిల్ లైటు ఆరాలి. మూడు నాలుగు విడతలకూ ఆరకపోతే ఆపేసి కారణం వెతకండి. ఆరాక ప్లగ్గులు పెట్టి స్టార్ట్ చేసి, మొదట పెట్రోలు, తర్వాత ఆయిల్, ఆపైన కూలెంట్ కారుతోందేమో చూడండి. హీటర్ వేడి వైపు తిప్పి, కారు ముక్కు కొంచెం ఎత్తి, గాలి బుడగలు వెళ్లేదాకా రేడియేటర్ నింపుతూ ఉండండి. రేడియేటర్ ఫ్యాను దానంతట అది తిరిగే వరకూ అక్కడ నుంచి కదలొద్దు.