దసరాకి ఢిల్లీ: రైలా, విమానమా?

ప్రశ్న: మేము కూకట్‌పల్లిలో ఉంటాం. నేను ప్రైవేటు స్కూల్లో టీచర్‌ని, మావారిది ప్రైవేటు ఉద్యోగం. ఆయనకి 70,000, నాకు 45,000 చేతికొస్తాయి. హోమ్‌లోన్ ఈఎంఐ 38,000, ఇంటి ఖర్చులు ఇంకో 50,000 దాకా. పిల్లలు ఇద్దరు, 11 ఏళ్ళు, 6 ఏళ్ళు. అత్తయ్యకి 67, మోకాళ్ళ నొప్పులు. ఈ దసరా సెలవుల్లో ఆగ్రా, మథుర, ఢిల్లీ చూపించాలని అనుకుంటున్నాం. ట్రిప్పు కోసం 80,000 కూడబెట్టాను. అది కాక అత్యవసరానికి లక్షన్నర ఎఫ్‌డీలో ఉంది. థర్డ్ ఏసీలో మనిషికి 1,850 చొప్పున రానూపోనూ 18,500 అవుతోంది. విమానమైతే పండగ రేట్లకి మనిషికి 7,000, మొత్తం 70,000. హోటళ్ళు, తిండి, అక్కడ తిరగడానికి 40,000 వేసుకున్నాను. అందులో ఢిల్లీ నుంచి ఆగ్రా వెళ్ళిరావడానికి కారు 9,000. మావారు విమానమే అంటున్నారు. తక్కువ పడిన 30,000 క్రెడిట్ కార్డు మీద ఈఎంఐ పెట్టేద్దామని, ఎల్‌టీఏ (ఉద్యోగులకి జీతంలో భాగంగా వచ్చే ప్రయాణ భత్యం) కింద పన్ను కూడా తగ్గుతుందని ఆయన లెక్క. ఆయనకి దొరికే సెలవు ఐదు రోజులే, అటూ ఇటూ శనాదివారాలు. అత్తయ్య మాత్రం డబ్బు దండగ, రైల్లోనే పోదాం అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: ట్రిప్పుకి ముందే డబ్బు విడిగా తీసిపెట్టారంటే సగం పని అయిపోయింది. నా దగ్గరికి వచ్చేవాళ్ళలో ఎక్కువమంది తిరిగొచ్చాక ఆ బిల్లులు పట్టుకుని వస్తారు. ఇంత వివరంగా లెక్క రాశారు కాబట్టి నేనూ సూటిగానే చెప్తాను. వెళ్ళేటప్పుడు రైల్లో వెళ్ళండి, వచ్చేటప్పుడు విమానంలో రండి. ఈఎంఐ మాత్రం వద్దు.

ముందు మీవారి రెండు వాదనలు చూద్దాం, ఎందుకంటే నిర్ణయం వాటి మీదే ఆగింది. మొదటిది ఎల్‌టీఏ. సొంత దేశంలో కుటుంబంతో చేసిన ప్రయాణానికి టికెట్ల ఖర్చు మీద ఈ మినహాయింపు దొరుకుతుంది. హోటల్‌కి, తిండికి వర్తించదు. నాలుగేళ్ళ బ్లాకులో రెండుసార్లే వాడుకోవచ్చు, ఇప్పుడు నడుస్తున్న బ్లాకు 2026 నుంచి 2029 దాకా. అదీ పాత పన్ను పద్ధతిలో ఉన్నవాళ్ళకే. మీవారి జీతం ఏడాదికి సుమారు 8,40,000 అనుకుందాం. కొత్త పద్ధతిలో 12 లక్షల దాకా ఆదాయం మీద కట్టాల్సిన పన్నే లేదు. పాత పద్ధతిలో ఉన్నా హోమ్‌లోన్ వడ్డీ, అసలు, పీఎఫ్, స్టాండర్డ్ డిడక్షన్ పోగా ఆయన ఆదాయం 5 లక్షల లోపుకి వచ్చేస్తుంది, అక్కడా రిబేట్ వల్ల పన్ను సున్నా. కట్టని పన్నులో తగ్గేది ఏముంటుంది? 20 లక్షల జీతం ఉన్న సహోద్యోగికి పనికొచ్చిన సలహా మీ ఇంటికి పనికిరాదు. ఎల్‌టీఏ మాట పక్కన పెట్టేయండి.

రెండోది ఈఎంఐ. 30,000ని 15 శాతం వడ్డీకి ఏడాదిపాటు పెడితే నెలకి 2,700 చిల్లర. వడ్డీ 2,500 దాకా, ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ, పైన ప్రాసెసింగ్ ఫీజు. అన్నీ కలిపితే మూడు వేలు దాటుతుంది. మొత్తం పెద్దదేమీ కాదని మీవారు అనొచ్చు. నా అభ్యంతరం ఆ మూడు వేల గురించి కాదు. 1,15,000లో 38,000 ఈఎంఐ, 50,000 ఇంటి ఖర్చు పోగా మీకు నెలకి మిగిలేది 27,000. అందులోనే స్కూలు ఫీజులు, అత్తగారి మందులు, పండగలు, చుట్టాల పెళ్ళిళ్ళు. ఒక్క నెల కార్డు బిల్లు పూర్తిగా కట్టలేక మినిమమ్ కట్టారంటే, మిగిలినదాని మీద నెలకి మూడు, మూడున్నర శాతం చొప్పున వడ్డీ పడుతుంది. అప్పుడది 15 శాతం అప్పు కాదు, 40 శాతం అప్పు. ఇంకో సంగతి, ఏదైనా కారణంతో టికెట్లు రద్దు చేసుకున్నా ఈఎంఐ దానంతట అది ఆగదు. బ్యాంకుకి ఫోన్లు చేసి మీరే ఆపించుకోవాలి.

ఎఫ్‌డీలో ఉన్న లక్షన్నర ముట్టుకోవద్దని వేరే చెప్పక్కర్లేదనుకుంటాను. మీ నెల ఖర్చు 88,000. అంటే అది రెండు నెలలకి కూడా సరిపోదు.

ఇక ప్రయాణం. విమానంలో ఢిల్లీ రెండుంపావు గంటలు, రైల్లో ఇరవయ్యారు గంటలు అని అందరూ పోల్చేస్తారు. కూకట్‌పల్లి నుంచి శంషాబాద్ చేరడానికి గంట, గంటన్నర. అక్కడికి మెట్రో ఇంకా లేదు, క్యాబ్ గానీ పుష్పక్ బస్సు గానీ ఎక్కాలి. రెండు గంటల ముందు అక్కడ ఉండాలి. దిగాక సామాను కోసం అరగంట, అక్కడ్నుంచి హోటల్‌కి ఇంకో గంట. ఇంటి గుమ్మం నుంచి హోటల్ గది దాకా ఏడెనిమిది గంటలు పోతాయి. అయినా రైలు కంటే చాలా తక్కువే, కాదనను. కానీ మీ ట్రిప్పులో ఆగ్రా ఉంది. ఆగ్రా మనకి ఢిల్లీ కంటే ముందే వస్తుంది.

నాంపల్లిలో పొద్దున 6 గంటలకి బయల్దేరే తెలంగాణ ఎక్స్‌ప్రెస్ మర్నాడు తెల్లవారకముందే ఆగ్రా కంటోన్మెంట్‌లో ఆగుతుంది. ఢిల్లీ దాకా పోకుండా అక్కడే దిగిపోండి. టికెట్ కూడా కొంచెం తగ్గుతుంది, మనిషికి 1,700 వేసుకుందాం. విమానంలో వెళ్తే ముందు ఢిల్లీలో దిగి, రెండువందల కిలోమీటర్లు వెనక్కి ఆగ్రా వచ్చి, మళ్ళీ ఢిల్లీ వెళ్ళాలి. రైల్లో వెళ్తే ఆగ్రా చూసుకుని, మథుర, బృందావనం మీదుగా కారులో ఢిల్లీ చేరతారు. కారు ఒకవైపుకే, 5,000లో అయిపోతుంది. మీరు వేసుకున్న 40,000లోంచి 4,000 అక్కడే మిగిలింది.

ఒక్క ఇబ్బంది ఉంది. అంత చీకట్లో పెద్దావిడతో, నిద్రమత్తులో ఉన్న పిల్లలతో దిగాలి. హోటల్ గదిని ముందు రోజు రాత్రి నుంచే బుక్ చేసుకోండి. ఒక రాత్రి అద్దె ఎక్కువైనా ఈ విషయంలో లోభించకండి. దిగగానే మంచం దొరికితే మీ అత్తగారు పదింటిదాకా పడుకుని లేస్తారు. ఆ రోజు మొత్తం ఎలా గడుస్తుందన్నది దాని మీదే ఆధారపడుతుంది.

శనివారం పొద్దున బయల్దేరితే ఆదివారం, సోమవారం ఆగ్రా, మంగళవారం మథుర, ఆ రాత్రికి ఢిల్లీ. తాజ్‌మహల్‌కి శుక్రవారం సెలవు, ఎర్రకోటకి సోమవారం సెలవు, ఈ వరుసలో వెళ్తే రెండూ మీకు అడ్డురావు. తిరుగు విమానం గురువారం రాత్రికో, శుక్రవారం పొద్దుటికో చూడండి. సెలవులు అయిపోయే ఆదివారం సాయంత్రం అందరూ తిరిగొస్తారు, రేట్లు మండిపోయేది అప్పుడే. రెండు రోజులు ముందు వస్తే టికెట్ తగ్గుతుంది, సోమవారం ఆఫీసుకీ, స్కూలుకీ వెళ్ళేముందు ఇంట్లో ఊపిరి పీల్చుకోవడానికి టైమూ దొరుకుతుంది.

లెక్క ఇలా వస్తుంది. వెళ్ళేటప్పుడు రైలు 8,500. తిరుగు విమానం మనిషికి 6,000 చొప్పున 30,000. అక్కడి ఖర్చులు 36,000. నాంపల్లికి క్యాబ్, రైల్లో తిండి, శంషాబాద్ నుంచి ఇంటికి క్యాబ్ కలిపి 3,300. మొత్తం 77,800. ఆగ్రాలో అదనంగా తీసుకున్న ఒక రాత్రి గది 80,000 అంచుదాకా తెస్తుంది. ఆ అంచు దాటకుండా ఉండాలంటే పులిహోర, చపాతీలు ఇంటినుంచే కట్టుకెళ్ళండి, పిల్లలకి అదే ఇష్టంగా కూడా ఉంటుంది.

అయితే మనిషికి 6,000 అన్నది హద్దు. అన్ని ఛార్జీలతో కలిపి, చివరి పేజీలో కనపడే మొత్తం చూడాలి. మొదటి పేజీలో 5,400 అని చూపించి, సీటు ఎంచుకోవడానికి ఇంత, కన్వీనియన్స్ ఫీజు ఇంత అని మనిషికి ఆరేడు వందలు పెంచేస్తారు. మీ ఆరేళ్ళ బాబుకీ విమానంలో పూర్తి టికెట్టే, రెండేళ్ళ లోపు పిల్లలకి తప్ప రాయితీ ఉండదు. తక్కువ రేటు టికెట్లలో మామూలుగా లగేజీ మనిషికి 15 కిలోలు, చేతిసంచి 7 కిలోలు. వెళ్ళేటప్పుడు థర్డ్ ఏసీలో మనిషికి 40 కిలోలు తీసుకెళ్ళొచ్చు కదా అని పెట్టెలు నింపేసి, వచ్చేటప్పుడు ఎయిర్‌పోర్టులో కిలోకి ఇంత అని కడుతూ కూర్చోకండి. ఈ రోజు నుంచే రేట్లు చూస్తూ ఉండండి. 6,000 లోపు కనపడిన రోజు కొనేయండి, ఇంకా తగ్గుతుందేమోనని ఆగొద్దు.

రైలు టికెట్లు ప్రయాణానికి 60 రోజుల ముందు, పొద్దున 8 గంటలకి తెరుచుకుంటాయి. 2024 నవంబరుకి ముందు 120 రోజులుండేది, ఇప్పటికీ చాలామంది ఆ లెక్కలోనే ఉన్నారు. దసరా సెలవుల్లో థర్డ్ ఏసీ చూస్తుండగానే అయిపోతుంది. ఐఆర్‌సీటీసీ ఖాతాకి ఆధార్ ఇప్పుడే జతచేసి పెట్టుకోండి, ఆ రోజు పొద్దున ఓటీపీల కోసం టెన్షన్ పడకుండా. అప్పటికీ విమానం 6,000 లోపు దొరక్కపోతే, వారం తర్వాత తెరుచుకునే తిరుగు రైలు టికెట్ కూడా అలాగే తీసేసుకోండి. రెండువైపులా రైల్లో వెళ్ళొచ్చినా ట్రిప్పు బాగానే ఉంటుంది. అప్పుడు మిగిలే ఇరవై వేలు ఎఫ్‌డీకి చేర్చండి.

వెయిటింగ్ లిస్ట్ టికెట్ కొని ఖరారవుతుందిలే అని కూర్చోవడం మాత్రం వద్దే వద్దు. చార్ట్ తయారయ్యాక కూడా వెయిటింగ్‌లోనే ఉంటే ఆన్‌లైన్ టికెట్ దానంతట అదే రద్దయి డబ్బు వెనక్కొస్తుంది. డబ్బు పెద్దగా పోదు, కానీ హోటళ్ళు బుక్ చేసి, సెలవు పెట్టి, పిల్లలకి మాటిచ్చి ఉంటారు. ఆ రాత్రి మీరు విమానం టికెట్లు వెతుకుతారు. అప్పుడు కనపడే రేటు ఏడు వేలు కాదు, పన్నెండు, పదిహేను. అప్పులోకి జారే కుటుంబాలు ఎక్కువగా ఇక్కడే జారతాయి. తత్కాల్ మీద ఐదుగురికి ఆశ పెట్టుకోవడం కూడా ఇంతే.

రాజధాని ఎక్స్‌ప్రెస్ ఎందుకు చెప్పలేదని అడుగుతారేమో. అందులో 2016 నుంచి ఫ్లెక్సీ ఫేర్ ఉంది. బెర్తులు నిండేకొద్దీ ధర పెరుగుతుంది. పండగ రోజుల్లో ఆ పెరిగిన ధర పెట్టి మీరు సంపాదించేది నాలుగైదు గంటలే.

మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది మీ అత్తగారి మాట. డబ్బు దండగ అని పెద్దవాళ్ళు అంటారు, మోకాళ్ళు మాత్రం వేరే చెప్తాయి. వారం రోజులు తిరిగి, మెట్లెక్కి దిగి అలసిపోయాక ఇరవయ్యారు గంటలు రైల్లో కూర్చోవడం ఆవిడకి కష్టం. వెళ్ళేటప్పుడు ఒంట్లో ఓపిక ఉంటుంది, కిటికీ పక్కన కూర్చుని మనవలతో కబుర్లు చెప్తూ పోతారు, పడుకోవడానికి బెర్త్ ఉంటుంది. అందుకే 20,000 ఎక్కువ పెడితే తిరుగు ప్రయాణంలోనే పెట్టమంటున్నాను. ఆవిడకి ఖర్చు గురించి చెప్పేటప్పుడు ఇది అప్పు కాదని, ఇందుకోసమే దాచిందని చెప్పండి, ఒప్పుకుంటారు. ఇవే డబ్బులు ఎఫ్‌డీలో వేయమని లెక్క చూసి చెప్పడం నాకు తేలికే. కానీ మీరు దీనికోసమే దాచారు, 67 ఏళ్ళ మనిషిని బృందావనం తీసుకెళ్ళడం ఏటా వాయిదా వేయగలిగే పని కాదు. తిరిగొచ్చాక మాత్రం ఆ లక్షన్నరని కనీసం నాలుగు లక్షలు చేసేదాకా ఇంకో పెద్ద ట్రిప్పు పెట్టుకోకండి.

ఆవిడ రైలు టికెట్ మీ నలుగురితో కలిపి కాకుండా విడిగా, సీనియర్ సిటిజన్ కోటాలో తీయండి. ఆ కోటాలో ఒక టికెట్ మీద ఇద్దరికి మించి కుదరదు, అందరినీ కలిపేస్తే కింది బెర్త్ దొరికే అవకాశం పోతుంది. టికెట్ ధరలో పెద్దవాళ్ళ రాయితీ 2020 మార్చిలో ఆపేశారు కాబట్టి ఆ తగ్గింపు లెక్కలో వేసుకోకండి. బాబుకి బెర్త్ లేకుండా సగం టికెట్ తీయొచ్చు, కానీ రాత్రంతా ఒకే బెర్త్ మీద ఇద్దరు అంటే మీకు నిద్ర ఉండదు, వాడికీ పూర్తి బెర్తే తీసుకోండి. బుక్ చేసేటప్పుడు మనిషికి 45 పైసల బీమా అడుగుతుంది, టిక్ పెట్టి నామినీ పేరు నింపండి. విమానం టికెట్ కొన్నాక ప్రయాణానికి కనీసం రెండు రోజుల ముందు మీ అత్తగారికి వీల్‌చైర్ కావాలని సంస్థకి చెప్పండి. నడవలేని పెద్దవాళ్ళకి దానికి డబ్బు తీసుకోరు. ఢిల్లీ ఎయిర్‌పోర్టులో గేటు దాకా నడక చాలా దూరం, ఇంటి దగ్గర బాగానే నడుస్తున్నారు కదా అని వదిలేయకండి.