థెరపీ ఆపకండి, అప్పు ఆపండి

ప్రశ్న: నా వయసు 31. విజయవాడలో ఉద్యోగం, జీతం రూ.42,000, ఖర్చులు రూ.31,000, సిప్ (నెలనెలా మ్యూచువల్ ఫండ్ పెట్టుబడి) రూ.8,000. నాన్నగారు పోయాక మానవతావాద పద్ధతిలో టాక్ థెరపీ (మాటలతో సాగే మానసిక చికిత్స) మొదలుపెట్టాను. వారానికో సెషన్, రూ.1,500. 24 సెషన్లకు రూ.36,000 క్రెడిట్ కార్డు మీద కట్టాను, నెలనెలా కనీస మొత్తం చెల్లిస్తున్నాను. 20 సెషన్లయినా బాకీ ఇంకా రూ.35,000 ఉంది. ఎంతకాలం పడుతుందో కౌన్సెలర్ చెప్పడం లేదు. పొదుపు రూ.18,000. పర్సనల్ లోన్ తీసుకుని కొనసాగించనా?

జవాబు: లోన్ వద్దు. థెరపీ మాత్రం మానకండి.

కౌన్సెలర్ మీ దగ్గర దాస్తున్నదేమీ లేదు. అమెరికన్ మనస్తత్వవేత్త కార్ల్ రోజర్స్ 1940లలో రూపుదిద్దిన ఈ పద్ధతిలో వేగం మీ చేతిలోనే ఉంటుంది. ఒక్క దుఃఖంతో వచ్చినవారికి మూడు నాలుగు నెలల్లో ఊరట దొరకవచ్చు, చిన్ననాటి గాయాలు బయటపడితే ఏడాది దాటవచ్చు. ముగింపు తెలియని ఖర్చును అప్పు మీద నడపడమే మీ పొరపాటు. పిల్లల ట్యూషన్ల నుంచి ఫిజియోథెరపీ దాకా చాలామంది చేస్తున్నదీ ఇదే.

మీ బిల్లు ఒకసారి తీసి చూడండి. నెలకు 3.5 శాతం వడ్డీ, దానిపై జీఎస్టీ కలిపితే సుమారు రూ.1,445. అంటే నెలకో సెషన్ డబ్బు బ్యాంకుకు పోతోంది! ఇంత వడ్డీ కడుతూ పక్కన సిప్ నడపడం ఏం లెక్క? ఐదు నెలలు సిప్ ఆపి ఆ రూ.8,000 కార్డుకు కట్టండి, బాకీ తీరిపోతుంది. మిగిలే రూ.3,000తో నెలకు రెండు సెషన్లు నడుస్తాయి. రెండు వారాలకొకసారి సరిపోతుందేమో కౌన్సెలర్‌నే అడగండి.

నన్ను ఎక్కువగా కలవరపెడుతున్నది ఆ రూ.18,000. మూడు వారాల ఖర్చుకు కూడా చాలదు. రేపు జీతం ఆగితే ముందు ఆగేది థెరపీయే, అదీ మీకు అది బాగా అవసరమైన సమయంలో. అందుకే ఆ డబ్బు ముట్టుకోవద్దు. కార్డు తీరగానే అదే రూ.8,000 అత్యవసర నిధికి మళ్లించండి. ఆరు నెలల ఖర్చు, అంటే రూ.1,86,000 చేరడానికి 21 నెలలు పడుతుంది. అప్పటిదాకా కొత్త పెట్టుబడి ఆలోచనే వద్దు.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం మానసిక అనారోగ్యానికీ బీమా వర్తించాలి, కానీ చాలా పాలసీలు ఆసుపత్రిలో చేరితేనే చెల్లిస్తాయి. మీ పాలసీలో ఓపీడీ, అంటే ఆసుపత్రిలో చేరకుండా తీసుకునే చికిత్సకు కవరేజీ, ఉందో లేదో చూసుకోండి. మనసు మరీ బరువెక్కిన రాత్రి 14416కు ఫోను చేయండి. అది ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్. ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు.

ఈ వారం సెషన్‌లో డబ్బు ఇబ్బంది కూడా చెప్పండి. ఫీజు గురించి నోరు విప్పడానికి మొహమాటపడి, ఏదో ఒక వారం చెప్పాపెట్టకుండా థెరపీ మానేసినవాళ్లను చాలామందిని చూశాను.