చీకట్లో కాసేపు ఆగు

చిన్నా,

సేల్‌లో డిస్‌ఆనర్డ్ అనే వీడియో గేమ్ కొన్నావనీ, రెండు రోజులు ఆడి పక్కన పడేశావనీ మీ నాన్న చెప్పాడు. నీ మెసేజ్ కూడా చదివాను. కాపలావాడు చూడగానే పాత సేవ్‌కి వెనక్కి వెళ్లి లోడ్, మళ్లీ చూడగానే మళ్లీ లోడ్, ఒక్క సందు దాటడానికి నలభై నిమిషాలు, ఇందులో అంత గొప్పేముందత్తా అని అడిగావు. అడగాల్సిన మాటే అడిగావు. పాతికేళ్లు దాటింది నేను ఈ రకం గేమ్స్ ఆడబట్టి, ఇప్పటికీ ఆడుతున్నాను, అందుకే ఫోన్‌లో తేల్చేయకుండా కూర్చుని రాస్తున్నా.

నిన్ను ఎక్కువగా విసిగించింది ఆ లోడ్ బటన్. స్టెల్త్ గేమ్‌లు, అంటే దాక్కుంటూ ఆడేవి, వాటన్నిటికీ ఉన్న పెద్ద జబ్బు ఇదే. ఎవరికీ కనపడకుండా వెళ్తేనే గెలుపు అని మనం ముందే అనేసుకుంటాం, కనపడ్డ మరుక్షణం ఓడిపోయినట్టు లెక్కేసుకుని వెనక్కి వెళ్లిపోతాం, దాంతో గేమ్‌లో సగం మనం చూడనే చూడం. దాగుడుమూతల్లో గుండె ఎప్పుడు దడదడలాడేది? దొంగ మనవైపే వస్తున్నప్పుడు, తలుపు వెనక ఊపిరి బిగబట్టి నిలబడ్డప్పుడు. ఇక్కడా అంతే. కాపలావాడు చూశాడా, పరిగెత్తు. బ్లింక్, అదే రెప్పపాటులో ఇంకోచోటికి చేర్చే శక్తి, వేసి ఏ పైకప్పు మీదికో చేరిపో. ఆ ఊరి కాపలావాళ్లు తలెత్తి పైకి చూడటం చాలా తక్కువ. వాళ్లు కత్తులు దూసి మూలమూలా వెతుకుతుంటే పైన కూర్చుని చూడు, ఆ గేమ్‌ని ఎంత శ్రద్ధగా కట్టారో అప్పుడు తెలుస్తుంది. మొదటిసారి ఆడేటప్పుడు మిషన్ మొదట్లో ఒకసారి, మధ్యలో ఒకసారి సేవ్ చేసుకో, అంతే. ఎవరికీ కనపడకుండా, అసలు లక్ష్యాలని తప్ప ఎవర్నీ చంపకపోతే వచ్చే ఘోస్ట్, ఎవర్నీ చంపకపోతే వచ్చే క్లీన్ హ్యాండ్స్, గేమ్ ఇచ్చే ఈ అచీవ్‌మెంట్ బిరుదులు రెండో ఆటకి వదిలెయ్.

ఇక చెవుల సంగతి. 1999 వేసవి సెలవుల్లో మీ నాన్న ఎవరినో అడిగి థీఫ్ సీడీ పట్టుకొచ్చాడు. అంతకు ముందు ఏడాది చివర్లో లుకింగ్ గ్లాస్ స్టూడియోస్ వాళ్లు విడుదల చేసిన గేమ్ అది. చేతిలో కత్తి కనపడగానే అన్ని గేమ్స్‌లాగే దూసుకుపోయాం, మొదటి కాపలావాడి దగ్గరే చచ్చిపోయాం. అందులో హీరో గ్యారెట్ ఒక దొంగ, ఇద్దరు ఎదురైతే బతికి బయటపడటం కష్టం. స్క్రీన్ కింద చిన్న రత్నం ఉంటుంది, నువ్వు వెలుతురులో ఉంటే వెలుగుతుంది, చీకట్లోకి జరిగితే మసకబారుతుంది. అది తొందరగానే అర్థమైంది. చప్పుడు సంగతి బుర్రకెక్కడానికి రెండు రోజులు పట్టింది. తివాచీ మీద నడిస్తే వినపడదు, రాతి మీద వినపడుతుంది, ఇనుము మీదా నున్నటి పలకల మీదా అయితే టకటకా ఇల్లంతా మోగుతుంది. మన అడుగులే కాదు, కాపలావాడి అడుగులూ అంతే.

మొదటి మిషన్ బాఫర్డ్ అనే పెద్దమనిషి బంగళాలో. ఇంట్లో అందరూ పడుకున్నారు, ఉన్న ఒక్క హెడ్‌ఫోన్‌ని విడదీసి చెరో చెవికీ పెట్టుకున్నాం. నేను ఒక మూల చీకట్లో నక్కి ఉన్నాను, కాపలావాడు కనపడటం లేదు, వాడి కూనిరాగం మాత్రం వినపడుతోంది. టక్, టక్, టక్. ఉన్నట్టుండి ఆ చప్పుడు మెత్తబడింది. పలకలు దాటి తివాచీ మీదికి వెళ్లాడు, అంటే వరండా వైపు తిరిగాడు, అంటే వాడి వీపు మనవైపు ఉంది. మీ నాన్న కళ్లు మూసుకుని "ఇప్పుడు" అన్నాడు. వెళ్లి నడుముకున్న తాళంచెవి లాగేశాను. అప్పటి బొమ్మలు ఇప్పుడు నీకు డబ్బాలు పేర్చినట్టు కనిపిస్తాయి గానీ ఆ టక్ టక్ నాకు ఇప్పటికీ గుర్తుంది. కాబట్టి హెడ్‌ఫోన్ పెట్టుకుని ఆడు, వెనకాల పాటలు పెట్టకు, చీకటిగా ఉందని బ్రైట్‌నెస్ పెంచకు. ఇంకోటి, థీఫ్‌లో కష్టం పెంచితే శత్రువుల బలం పెంచి ఊరుకోరు, చేయాల్సిన పనులు పెరుగుతాయి, అన్నిటికన్నా కష్టమైన ఎక్స్‌పర్ట్ స్థాయిలో అయితే ఏ మనిషినీ చంపకూడదు. కష్టం అంటే అలా పెట్టాలి.

లోపాలు దాచను. కాపలావాళ్లకి మతిమరుపు ఎక్కువ. పక్కవాడు కింద పడి ఉన్నా కాసేపు వెతికి, మళ్లీ అదే దారిలో అదే నడక. నిజంగా తెలివైనవాళ్లని పెడితే నువ్వు గుమ్మం కూడా దాటలేవు, అందుకని తయారుచేసేవాళ్లు కావాలనే అలా ఉంచుతారు, కానీ పది గంటలు ఆడాక వాళ్లు గడియారం ముళ్లలా కనిపించడం మొదలవుతుంది. డిస్‌ఆనర్డ్ మీద నాకు ఇంకో కోపం కూడా ఉంది. పిస్టల్, గ్రెనేడ్లు, మీద పడి కొరికే ఎలుకల గుంపు, ఇన్ని ఆయుధాలు చేతిలో పెట్టి, వాటితో చంపితేనేమో ఊళ్లో ఎలుకలూ జబ్బుమనుషులూ పెరిగేలా, ముగింపు కూడా చీకటయ్యేలా చేశారు. చంపకుండా వెళ్లేవాడికి గొంతు నొక్కి స్పృహ తప్పించడం, నిద్రబాణాలు, ఇంకేమీ పెద్దగా లేవు. 2016లో వచ్చిన రెండో భాగంలో ఇది చాలావరకు సరిచేశారు. అయినా నీకు చెప్పేది ఒకటే, ముగింపు గురించి టెన్షన్ పడకు, నీకు తోచినట్టు ఆడు, వచ్చిన ముగింపు చూడు.

ఇక గేమ్‌లో ఊరంతా తిరిగి చూడటం గురించి. సెట్టింగ్స్‌లోకి వెళ్లి దారి చూపించే మార్కర్లు ఆపెయ్. అవి ఉన్నంతసేపూ నీ కళ్లు ఆ గుర్తునే చూస్తాయి, గోడ మీద రాతలు, తెరిచి ఉన్న కిటికీ, గొట్టం పట్టుకుని ఎక్కగలిగే మేడ, ఏవీ పట్టవు. గోడల అవతల మనుషుల్ని చూపించే డార్క్ విజన్ కూడా అస్తమానం పెట్టుకోకు, రంగులన్నీ పోయి ఊరంతా పసుపురంగు ముద్దలా కనిపిస్తుంది. ప్రతి సొరుగూ తెరిచి చిల్లర ఏరడం ఇంకో రోగం, నాకూ ఉండేది. దానికి బదులు గేమ్‌లో నీకిచ్చే ఆ మాట్లాడే గుండెకాయ ఉంది చూడు, దాన్ని చేతిలో పట్టుకుని దారిన పోయేవాళ్ల వైపు చూపించు. ఒక్కొక్కరి రహస్యం చెబుతుంది. ఇప్పుడే గొంతు నొక్కబోతున్న మనిషి గురించి ఒక్క మాట వింటే చెయ్యి ఆగిపోయిన రోజులున్నాయి నాకు.

స్టెల్త్ గోల లేకుండా తిరగడం ఒక్కటే కావాలంటే ఔటర్ వైల్డ్స్ అనే గేమ్ ఉంది, 2019 నాటిది. 22 నిమిషాలకి సూర్యుడు పేలిపోతాడు, మళ్లీ మొదటికి వస్తావు, నీ దగ్గర మిగిలేది నువ్వు తెలుసుకున్నది మాత్రమే. దాని బలమూ అదే, లోపమూ అదే. ఒకసారి తెలిసిపోయాక మళ్లీ కొత్తగా ఆడలేం. అందుకే దాని గురించి ఎక్కడా చదవకు, నన్నూ అడగకు.

డిస్‌ఆనర్డ్‌లో లేడీ బాయిల్ పార్టీ మిషన్ దాకా అయినా వెళ్లు. అందరూ ముసుగులు వేసుకుని ఉంటారు, నీ ముసుగు కూడా వేషమే అనుకుంటారు, దాక్కోకుండా వాళ్ల మధ్యే తిరగొచ్చు. అతిథుల పుస్తకంలో సంతకం పెట్టమంటే కోర్వో అని హీరో అసలు పేరే రాసేయొచ్చు. ముగ్గురు బాయిల్ అక్కచెల్లెళ్లలో నీ లక్ష్యం ఎవరో ఆటఆటకీ మారుతుంది, మాటలు విని, మేడ మీద గదులు వెతికి నువ్వే కనిపెట్టాలి. ఆదివారం ఫోన్ చెయ్యి, నీకు ముగ్గురిలో ఎవరు పడ్డారో, ఎలా పట్టావో చెప్పు. నాకు కిందటిసారి తెల్లబట్టలావిడ పడింది.

మీ అత్త