మార్కులు తక్కువొచ్చాయని ఇంట్లో ఎలా చెప్పాలి? అమ్మ చేత మాత్రం చెప్పించకు

లెక్కల పరీక్షలో 50కి 11 వచ్చాయి, పేపర్ మీద సంతకం పెట్టించుకుని రమ్మన్నారు, ఇంట్లో చెప్పాలంటే చేతులు వణుకుతున్నాయి, ఎలా చెప్పాలి అని అడిగావు. ఈరోజే చెప్పు. ముందు మార్కులెన్నో చెప్పు, కారణాలు తర్వాత. అమ్మకీ నాన్నకీ ఒకేసారి చెప్పు. మొదటి రెండూ అందరూ చెప్పేవే, మూడోది మాత్రం ఎవరూ చెప్పరు. నాకు తెలిసి అన్నిటికన్నా ముఖ్యమైంది అదే.

నేను ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడు సైన్సులో 100కి 19 వచ్చాయి. పేపర్ మొదటి పేజీలో పైన ఎర్ర ఇంకుతో 19, చుట్టూ సున్నా, కింద రెండు గీతలు. రెండో గీత గీసేటప్పుడు పెన్ను గట్టిగా నొక్కినట్టున్నారు, పేజీ తిప్పితే వెనకవైపు వేలికి తగిలేది. ఆ గీత మీద వేలు రాసుకుంటూనే ఇంటిదాకా నడిచాను.

ఇంటికెళ్లేసరికి అమ్మ బట్టలు మడతపెడుతోంది. పేపర్ ఆమె ముందు పెట్టాను. చూసింది, ఏమీ అనలేదు. చేతిలో ఉన్న నాన్న చొక్కా మడతపెట్టి, మళ్లీ విప్పి, మళ్లీ మడతపెట్టింది. "అమ్మా, నాన్నకి నువ్వు చెప్పవా, ప్లీజ్" అన్నాను. "సరేలే, సమయం చూసి చెప్తాను" అంది. అంతే, నా గుండె మీద బరువు దిగిపోయింది. ఆ బరువు అమ్మ నెత్తికెక్కిందని అప్పుడు నాకు తట్టలేదు.

ఆ సమయం రానే రాలేదు. మొదటి రోజు నాన్న ఆలస్యంగా వచ్చారు, రెండో రోజు తలనొప్పి అన్నారు, మూడో రోజు చాలా ఉత్సాహంగా ఉన్నారు కాబట్టి ఎందుకు చెడగొట్టడం అనుకుంది అమ్మ. పేపర్ బీరువాలో బట్టల కింద ఉంది. నాలుగో రోజు బడిలో గట్టిగా అడిగితే అమ్మే సంతకం పెట్టిచ్చింది. శుక్రవారం సాయంత్రం మా సైన్సు టీచర్ నాన్నకి దారిలో కనపడి, "పేపర్ చూశారు కదా, కాస్త దగ్గర కూర్చోబెట్టి చదివించండి" అన్నారట.

నాన్న ఇంటికొచ్చి నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అమ్మని అడిగారు, "నీకెప్పుడు తెలుసు?" అని. "సోమవారం" అంది అమ్మ. ఆ రాత్రి గొడవంతా వాళ్లిద్దరి మధ్యే. నా 19 ఊసే రాలేదు. "ఈ ఇంట్లో నేనేమన్నా పరాయివాణ్ణా?" అని నాన్న అనడం గోడ అవతల నుంచి విన్నాను. దానికి అమ్మ దగ్గర జవాబు లేదు. తప్పు చేసింది నేను, మాట పడింది ఆమె. నన్ను రెండు దెబ్బలు కొట్టినా అంత ఏడ్చేదాన్ని కాదు.

అందుకే ఇంత గట్టిగా చెప్తున్నాను. మెత్తగా ఉండేవాళ్ల దగ్గర చెప్పేసి, గట్టిగా ఉండేవాళ్లకి వాళ్ల చేత కబురు పంపించడం చాలా ఇళ్లల్లో అలవాటు. పిల్లలకి అది తేలిక. కానీ మధ్యలో ఉన్నవాళ్లు ప్రతి పూటా "ఇప్పుడు చెప్పనా, రేపు చెప్పనా" అని నలిగిపోతారు, తెలిశాక వాళ్లు కూడా దాచినవాళ్లే అవుతారు. ఇంకొకరి నోట విన్నవాళ్లకేమో మార్కుల కన్నా "నా పిల్ల నా దగ్గరికి రాలేదు" అన్నదే గుచ్చుకుంటుంది.

మర్నాడు పొద్దున్నే నాన్న నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, "నాకు చెప్పడానికి భయమేసిందా?" అన్నారు. అవునన్నాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత పేపర్ తెమ్మని ఒక్కో పేజీ తిప్పారు. నాలుగో ప్రశ్న నుంచి అంతా ఖాళీ. "ఇవి రాకా, టైం చాలకా?" అని అడిగారు. నిజానికి వాటిలో సగం నాకొచ్చు, మొదటి ప్రశ్నకే మూడు పేజీలు రాస్తూ కూర్చున్నాను. ఆ సంగతి నాకే అప్పటిదాకా తెలియదు, ఎందుకంటే ఐదు రోజుల్లో ఒక్కసారి కూడా ఆ పేపర్ తెరవలేదు, పైన అంకె చూసి మూసేశాను.

నువ్వు అలా చెయ్యకు. ఇంటికెళ్లేలోపు ఒక అరగంట పేపర్ ముందు పెట్టుకో. పోయిన 39 మార్కుల్లో అసలు రానివి ఎన్ని, వచ్చి కూడా తప్పు చేసినవి ఎన్ని, టైం చాలక వదిలేసినవి ఎన్ని, పక్కన రాసుకో. మూడూ వేరే వేరే జబ్బులు, మందు కూడా వేరే. నాన్న "ఎందుకొచ్చాయి ఇన్నే?" అంటే నీ దగ్గర ఏడుపు కాకుండా ఇంకేదో ఉంటుంది. కానీ దాంతో మొదలుపెట్టకు. "పేపర్ చాలా కష్టంగా ఇచ్చారు, క్లాసులో అందరికీ తక్కువే" అని మొదలుపెడితే, అంకె వినేలోపే వాళ్లకి సగం కోపం వచ్చేసి ఉంటుంది.

ఇక్కడ తల్లిదండ్రులతో కూడా ఒక మాట చెప్పాలి. నేను ఎందుకు దాచానంటే, మా ఇంట్లో ఎవరొచ్చినా "మా అమ్మాయి చాలా తెలివైంది" అనేవాళ్లు. ఆ మాట నిలబెట్టుకోవడమే నా పని అయిపోయింది. 1998లో క్లాడియా మ్యూలర్, కారొల్ డ్వెక్ అనే ఇద్దరు సైకాలజిస్టులు అమెరికాలో ఐదో తరగతి పిల్లల మీద చేసిన పరిశోధన గురించి చాలా ఏళ్ల తర్వాత చదివాను. కొందరిని "తెలివైనవాళ్లు" అని మెచ్చుకున్నారు, కొందరిని "బాగా కష్టపడ్డారు" అన్నారు. తర్వాత కష్టమైన పజిల్స్ ఇచ్చి, వచ్చిన మార్కులు వేరే బడి పిల్లలకి రాయమన్నారు. తెలివైనవాళ్లు అనిపించుకున్న పిల్లల్లో దాదాపు 38 శాతం మంది అబద్ధం రాశారు. కష్టపడ్డారు అనిపించుకున్నవాళ్లలో 13 శాతమే. చదువుతుంటే నా గురించే రాసినట్టనిపించింది. పిల్లలు అబద్ధాలు పుట్టుకతో నేర్చుకోరు, కొన్నిసార్లు మన పొగడ్తలు కూడా నేర్పుతాయి.

ఇంకో బాధ కూడా ఉంది. ఇప్పుడు కొన్ని బళ్లు పరీక్ష మార్కులు పిల్లల చేతికి రాకముందే తల్లిదండ్రుల ఫోన్‌కి మెసేజ్ పంపిస్తున్నాయి. ఇది చాలా అన్యాయం. తన ఓటమి తన నోటితో చెప్పుకునే అవకాశం పిల్లలకి ఒక్కటే ఉంటుంది, అది కూడా లాగేసుకుంటే ఎలా? కనీసం ఒక రోజు ఆగి పంపొచ్చు కదా. సంతకం కోసం కాగితం ఇచ్చి పంపే పద్ధతి పాతదే కావచ్చు, కానీ నీకు మాట్లాడే వీలు ఇస్తోంది, వాడుకో.

చెప్పాక "ఇకనుంచి బాగా చదువుతాను" అని మాటివ్వకు. ఆ మాట ఎవరూ నమ్మరు, అన్నవాళ్లు కూడా. చిన్నదైనా కంటికి కనపడేది చెప్పు. రోజూ రాత్రి పుస్తకం మూసేసి, ఆరోజు లెక్కలు రెండు చూడకుండా చేసి చూపిస్తాను అను. చదివిందే మళ్లీ మళ్లీ చదివితే వచ్చేసినట్టు అనిపిస్తుంది కానీ నిలవదు. రోడిగర్, కార్పిక్ అనే సైకాలజిస్టులు 2006లో ఇదే చూపించారు: పదే పదే చదివినవాళ్లకి నమ్మకం ఎక్కువ ఉంది, కానీ వారం తర్వాత ఎక్కువ గుర్తున్నది పుస్తకం పక్కన పెట్టి గుర్తు చేసుకుంటూ రాసినవాళ్లకి.

ఒకవేళ మీది మార్కులకి ఒళ్లు హూనమయ్యేలా కొట్టే ఇల్లయితే నేను పైన చెప్పినవి పక్కన పెట్టు. ముందు నీకు నమ్మకమున్న టీచర్‌కో, బంధువుల్లో పెద్దవాళ్లకో చెప్పి వాళ్లని వెంటబెట్టుకుని వెళ్లు. అది అమ్మ చేత కబురు పంపించడం లాంటిది కాదు, నీకు దెబ్బ తగలకుండా చూసుకోవడం.

తొమ్మిదో తరగతిలో లెక్కల్లో నాకు 100కి 31 వచ్చాయి. ఆరోజు నాన్న వచ్చేదాకా ఆగి, చెప్పులు విప్పుకుంటుండగానే అమ్మని కూడా పిలిచి, ఇద్దరి ముందూ నిలబడి "లెక్కల్లో 31 వచ్చాయి" అన్నాను. అదొక్కటే వాక్యం, దారంతా అనుకుంటూ వచ్చింది. నాన్న రెండో చెప్పు విప్పి, "ఏదీ, పేపర్ ఇలా ఇవ్వు" అని చెయ్యి చాచారు. అమ్మ వచ్చి నా పక్కన కూర్చుంది.