కప్పు ఒకరిది, బంగారు బంతి ఇంకొకరిది

ఆటల పెట్టె: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఫుట్‌బాల్‌వే. కప్పు ఎవరిదో స్కోరే చెప్పేస్తుంది కాబట్టి దాని మీద తగవు లేదు. మేటి ఆటగాడు ఎవరన్న దగ్గరే అందరూ పట్టుబడుతున్నారు. అందుకే ఈ వారం పేజీ మొత్తం దానికే ఇచ్చాం.

ప్రశ్న: టవర్ క్లాక్ దగ్గర టీ అంగట్లో మా సావాసగాళ్ల మధ్య 2022 ప్రపంచ కప్ నుంచి తెగని వాదన ఇది. ఫైనల్లో మూడు, మొత్తమ్మీద 8 గోల్స్ కొట్టిన ఫ్రాన్స్ ఎంబాపేను కాదని 7 కొట్టిన అర్జెంటీనా మెస్సీకి గోల్డెన్ బాల్ ఎట్లిచ్చినారు? పేరు చూసి ఇచ్చినట్లు కాదా?
*డిగ్రీ విద్యార్థి, అనంతపురం*

జవాబు: గోల్స్ లెక్కకు గోల్డెన్ బూట్ అని వేరే బహుమతి ఉంది. అది ఎంబాపేకే దక్కింది. గోల్డెన్ బాల్ టోర్నీ మొత్తం ఆటకు ఇచ్చేది. ఫిఫా సాంకేతిక బృందం కొన్ని పేర్లు ఎంచడం, వాటి మీద విలేకరులు ఓటు వేయడం చాలా కప్పుల్లో నడిచిన పద్ధతి. 2022లో రెండో స్థానం, అంటే సిల్వర్ బాల్, ఎంబాపేది. మూడోది క్రొయేషియా మోడ్రిచ్‌ది.

ముందు మీ పక్షాన ఉన్న బలమైన మాట చెబుతాం. మెస్సీ 7 గోల్స్‌లో నాలుగు పెనాల్టీలు. ఎంబాపే 8లో పెనాల్టీలు రెండే, ఆ రెండూ ఫైనల్లోవే. పెనాల్టీలు తీసేసి ఆటలోంచి పుట్టిన గోల్స్ మాత్రమే లెక్కపెడితే ఎంబాపేవి 6, మెస్సీవి 3. టీ అంగట్లో ఈ అంకె మీకు పనికొస్తుంది.

ఇప్పుడు అవతలి పక్షం. ఎంబాపే గోల్స్ ఆస్ట్రేలియా మీద ఒకటి, డెన్మార్క్ మీద రెండు, పోలెండ్ మీద రెండు, ఫైనల్లో మూడు. క్వార్టర్ ఫైనల్లో ఇంగ్లండ్ మీద, సెమీస్‌లో మొరాకో మీద ఫ్రాన్స్ గెలిచింది గానీ గోల్స్ కొట్టింది వేరేవాళ్లు. మెస్సీ మాత్రం గ్రూప్ దశలో, ప్రీక్వార్టర్స్‌లో, క్వార్టర్స్‌లో, సెమీస్‌లో, ఫైనల్లో ప్రతి మెట్టు మీదా గోల్ కొట్టాడు. ఒకే ప్రపంచ కప్‌లో అట్లా చేసినవాడు అంతకుముందు లేడు.

అంకెల్లోకి ఎక్కని పని ఇంకొకటుంది. ఫైనల్ 36వ నిమిషంలో డి మరియా కొట్టిన గోల్‌ను మళ్లీ చూడండి. మైదానం మధ్యలో బంతి మెస్సీ దగ్గరికి వచ్చింది. ఆపలేదు, ఎడమకాలి అంచుతో ఒక్క తాకు తాకి ఆల్వారెజ్ వైపు మళ్లించాడు. ఆల్వారెజ్ నుంచి మెకాలిస్టర్‌కు, అతని నుంచి డి మరియాకు. గోల్ డి మరియా ఖాతాలోకి, అసిస్ట్ (గోల్‌కు ముందు బంతి అందించినందుకు ఇచ్చే లెక్క) మెకాలిస్టర్ ఖాతాలోకి పోయాయి. మెస్సీ పేరు ఎక్కడా రాయరు. కానీ ఫ్రాన్స్ రక్షణ విడిపోయింది ఆ తాకు దగ్గరే. సెమీస్ 69వ నిమిషంలో కుడి అంచున క్రొయేషియా రక్షకుడు గ్వార్డియోల్‌ను తిప్పి తిప్పి దాటి ఆల్వారెజ్‌కు ఇచ్చిన బంతీ అటువంటిదే. అదైనా అసిస్ట్‌గా లెక్కకొచ్చింది.

ఫైనల్లో తొలి గంటలో ఫ్రాన్స్ గోల్ వైపు ఒక్క షాటూ కొట్టలేకపోయింది. 80, 81 నిమిషాల్లో ఎంబాపే ఆట తిరగేశాడు, 118లో మళ్లీ సమం చేశాడు. ఫైనల్ ఒక్కటే తీసుకుంటే ఎంబాపేకు ఓటు వేసినా తప్పు పట్టలేం. ఏడు ఆటలు తీసుకుంటే మాత్రం మెస్సీదే. మా తీర్పు ఇదీ.

ప్రశ్న: గెలిచిన జట్టులోంచే కదా మేటి ఆటగాణ్ని ఎంచాల్సింది? ఓడినోళ్లకు ఇస్తే కప్పుకు విలువేముంది?
*కడప*

జవాబు: చరిత్ర మీ మాటకు ఎదురుగా ఉంది. ప్రపంచ కప్‌లో గోల్డెన్ బాల్ 1982లో మొదలైంది. 2022 దాకా 11 టోర్నీలు. విజేత జట్టులోంచి నలుగురే: 1982 రోసీ, 1986 మారడోనా, 1994 రొమారియో, 2022 మెస్సీ. ఫైనల్లో ఓడిన జట్లలోంచి ఐదుగురు: 1998లో బ్రెజిల్ రొనాల్డో, 2002లో జర్మనీ గోల్‌కీపర్ ఒలివర్ కాన్, 2006లో జిదాన్, 2014లో మెస్సీ, 2018లో మోడ్రిచ్. 1990లో స్కిలాచీ ఆడిన ఇటలీ మూడోది, 2010లో ఫోర్లాన్ ఆడిన ఉరుగ్వే నాలుగోది.

కాన్ సంగతి కాస్త ఆగి చూడదగ్గది. ఫైనల్‌కు ముందు ఆరు ఆటల్లో అతను వదిలింది ఒక్కటే గోల్, ఐర్లాండ్ మీద, అదీ ఆట ముగిసే క్షణంలో. ప్రీక్వార్టర్స్, క్వార్టర్స్, సెమీస్ మూడూ జర్మనీ 1-0తోనే గట్టెక్కింది. అంటే ఒక్క బంతి చేయి జారినా ఆట ఎటు పోయేదో చెప్పలేం. ఫైనల్ 67వ నిమిషంలో బ్రెజిల్ రివాల్డో షాట్‌ను ఒడిసిపట్టబోతే జారింది, రొనాల్డో తోసేశాడు. అందరికీ గుర్తున్నది ఆ జారిన బంతే. ఆ బహుమతి గెలుచుకున్న గోల్‌కీపర్ ఇప్పటికీ అతనొక్కడే.

జిదాన్ 2006 ఫైనల్ 110వ నిమిషంలో ఎర్రకార్డు చూసి వెళ్లిపోయాడు. అయినా బహుమతి అతనిదే. ఇక్కడ మాత్రం మాకు మీ కోపమే న్యాయంగా తోస్తుంది. వరుస పెనాల్టీలతో విజేతను తేల్చే షూటౌట్‌కు పది నిమిషాల ముందు జట్టును వదిలిపోవడాన్ని లెక్కలోకి తీసుకోకుండా మేటి ఆట అనడం కష్టం. ఫ్రాన్స్ ఆ షూటౌట్‌లో 5-3తో ఓడింది.

ప్రశ్న: ఇద్దరు సమానంగా గోల్స్ కొడితే బూట్ ఎవరికి? షూటౌట్‌లో కొట్టినవి కలుపుతారా?
*రైల్వే ఉద్యోగి, గుంతకల్లు*

జవాబు: షూటౌట్ గోల్స్ ఆటగాడి ఖాతాలో కలవవు. 90 నిమిషాల్లో, అదనపు 30 నిమిషాల్లో కొట్టినవే లెక్క. ఆటలో వచ్చిన పెనాల్టీ మాత్రం మామూలు గోల్‌తో సమానం. బంతి రక్షకుడికి తగిలి లోపలికి పోతే, అసలు షాట్ గోల్ వైపే పోతుంటే కొట్టినవాడి పేరే రాస్తారు. బయటికి పోయే బంతిని రక్షకుడే లోపలికి మళ్లిస్తే అది సొంత గోల్.

సమానమైతే ప్రపంచ కప్‌లో ముందు అసిస్ట్‌లు చూస్తారు, అవీ సమానమైతే తక్కువ నిమిషాలు ఆడినవాడికి ఇస్తారు. 2010లో నలుగురు ఐదేసి గోల్స్ కొట్టారు: ముల్లర్, విల్లా, స్నైడర్, ఫోర్లాన్. ముల్లర్‌కు మూడు అసిస్ట్‌లు, మిగతావాళ్లకు ఒక్కొక్కటి. బూట్ ముల్లర్‌ది. యూరోలో, అంటే ఐరోపా దేశాల కప్పులో, పద్ధతి మారుతూ వచ్చింది. 2021లో జరిగిన యూరోలో పోర్చుగల్ రొనాల్డో, చెక్ రిపబ్లిక్ షిక్ ఇద్దరివీ ఐదు గోల్స్ అయితే ఒక అసిస్ట్ ఉన్న రొనాల్డోకు ఇచ్చారు. 2024లో మూడేసి గోల్స్ కొట్టిన ఆరుగురికీ పంచారు. కాబట్టి పందెం వేసుకునే ముందు ఏ టోర్నీ, ఏ ఏడాది అని చూసుకోండి.

ప్రశ్న: మా ఊళ్లో స్పెయిన్ అంటే అందరికీ సొంతమే. 2024 యూరోలో లమీన్ యమాల్ అంత బాగా ఆడితే మేటి ఆటగాడి బహుమతి రోడ్రికి ఎందుకిచ్చినారు? రోడ్రి ఫైనల్లో సగం ఆటే ఆడినాడు.
*ఉపాధ్యాయురాలు, అనంతపురం*

జవాబు: ఆ సొంతం ఎక్కడిదో తెలుసు. బార్సిలోనాలో పుట్టిన విన్సెంట్ ఫెర్రర్ 1969లో మీ దగ్గర రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్ మొదలుపెట్టినప్పటి బంధం అది.

యమాల్‌కు ఫైనల్ ముందురోజే 17 ఏళ్లు నిండాయి. సెమీస్‌లో ఫ్రాన్స్ మీద 21వ నిమిషంలో పెనాల్టీ బాక్స్ బయట నుంచి ఎడమకాలితో వంచి కొట్టిన బంతి అవతలి స్తంభం లోపలి అంచుకు తగిలి వలలో పడింది. అప్పటికి స్పెయిన్ ఒక గోల్ వెనకబడి ఉంది. టోర్నీ మొత్తమ్మీద ఒక గోల్, నాలుగు అసిస్ట్‌లు. ఫైనల్ 47వ నిమిషంలో నికో విలియమ్స్‌కు గోల్ అందించింది కూడా అతనే. యువ ఆటగాడి బహుమతి అతనికే ఇచ్చారు.

మధ్య వరుసలో ఆడే రోడ్రి పని టీవీలో సరిగ్గా కనపడదు, ఎందుకంటే కెమెరా బంతి వెంట పోతుంది. ఈసారి రికార్డింగ్ చూసేటప్పుడు పది నిమిషాలు బంతిని వదిలేసి అతని మీదే కన్ను పెట్టండి. మూడు సంగతులు కాగితం మీద గీతలు గీసుకోండి. బంతి అందుకోబోయే ముందు భుజం మీదుగా వెనక్కి ఎన్నిసార్లు చూశాడు? అందుకున్న బంతిని ముందుకు ఎన్నిసార్లు పంపాడు, పక్కకు, వెనక్కి ఎన్నిసార్లు? స్పెయిన్ బంతి పోగొట్టుకున్న వెంటనే ఎదురుదాడి దారిలో ఎన్నిసార్లు అడ్డంగా నిలబడ్డాడు? ఈ గీతలు చూస్తే రెండు అంచుల్లో ఉన్న యమాల్, నికో అంత ధైర్యంగా ముందుకు ఎట్లా పోగలిగారో అర్థమవుతుంది. వెనక కాపు ఉందన్న నమ్మకంతో పోయారు. స్పెయిన్ ఆ యూరోలో ఏడుకు ఏడు గెలిచింది.

గాయంతో రోడ్రి సగంలో దిగిపోయినా స్పెయిన్ ఇంగ్లండ్‌ను 2-1తో గెలిచింది నిజమే. అతని బదులు వచ్చిన సుబిమెండీ ఆ చోటును చక్కగా కాచాడు. యూరోలో ఎంపిక చేసేది ఐరోపా ఫుట్‌బాల్ సంఘం యూఈఎఫ్‌ఏ సాంకేతిక పరిశీలకులు. వాళ్లు చోటు చోటుకూ ఆటను తూచే మనుషులు కాబట్టి ఇటువంటి ఆటగాడు దొరికాడు. మేమైనా రోడ్రికే ఇచ్చేవాళ్లం.

2023 మహిళల ప్రపంచ కప్ గెలిచింది కూడా స్పెయినే, ఇంగ్లండ్ మీద 1-0తో. గోల్డెన్ బాల్ ఐతానా బొన్మతిది. ఐదు గోల్స్‌తో బూట్ జపాన్ మియజావాది. మీ బడిలో ఆడపిల్లలకు ఆ ఫైనల్ తప్పకుండా చూపించండి.

ప్రశ్న: సంక్రాంతికి మా మండలంలో 8 జట్లతో టోర్నీ పెడుతున్నాం. ప్రతిసారీ కప్పు దగ్గర గొడవ రాదు, "బెస్ట్ ప్లేయర్" దగ్గర వస్తుంది. ఏం చేయమంటారు?
*నిర్వాహకుడు, కర్నూలు జిల్లా*

జవాబు: గొడవకు మూల కారణం ఒకటే. పేరు చివర్లో, వేదిక మీద, ముఖ్య అతిథి పక్కన నిలబడి తేల్చడం. అక్కడికి వచ్చేసరికి ఫైనల్ తప్ప ఎవరికీ ఏమీ గుర్తుండదు.

ఎనిమిది జట్లను నాలుగేసి చొప్పున రెండు గ్రూపులు చేస్తే 12 గ్రూప్ ఆటలు, 2 సెమీస్, ఒక ఫైనల్, మొత్తం 15. సగానికి 25 నిమిషాలు పెడితే ఒక మైదానంలో ఉదయం రెండు, సాయంత్రం రెండు నడుస్తాయి. నాలుగు రోజుల్లో అయిపోతుంది.

ఏ జట్టుకూ సంబంధం లేని ముగ్గుర్ని మొదటి రోజే కూర్చోబెట్టండి. ప్రతి ఆట అయ్యాక ఒకరితో ఒకరు మాట్లాడుకోకుండా ముగ్గురూ చీటీ రాయాలి. రెండు జట్లలోంచీ కలిపి మేటి ముగ్గురికి 3, 2, 1 మార్కులు. చీటీలు కవర్లో వేసి అంటించి, దాని మీద ఇద్దరు కెప్టెన్ల సంతకాలు తీసుకోండి. మధ్యలో తెరవకండి. తెరిస్తే ఎవరు ముందున్నారో ఊరంతా తెలిసిపోయి న్యాయనిర్ణేతల మీద ఒత్తిడి మొదలవుతుంది.

కూడేటప్పుడు ఒక చిక్కు వస్తుంది. ఫైనల్‌కు వచ్చినవాడు ఐదు ఆటలు ఆడతాడు, గ్రూపులో ఓడినవాడు మూడే. మొత్తం కూడితే ఫైనల్ జట్లకే పోతుంది. సగటు తీస్తే మూడు ఆటలు ఆడి ఇంటికి పోయినవాడికి లాభం. అందుకని ఒక్కొక్కరి మేటి నాలుగు ఆటల మార్కులే కూడండి. ఒక ఆటకు ఎక్కువలో ఎక్కువ 9, నాలుగింటికి 36. మూడే ఆడినవాడికి 27 దాకా అందుతాయి కాబట్టి అతనికీ దారి మూసుకుపోదు. ఫైనల్ చీటీలు కప్పు ఇవ్వకముందే కవర్లో పడాలి, ఆ తర్వాత ముగ్గురి ఎదుటే కూడాలి.

గోల్‌కీపర్‌కు వేరే బహుమతి పెట్టండి. లేకుంటే మార్కులన్నీ ముందు వరుసలో ఆడేవాళ్లకే పోతాయి. చొక్కాల మీద నంబర్లు తప్పనిసరి. సుద్దతో రాస్తే సగానికల్లా చెమటకు పోతాయి, గోల్ ఒకరిది పేరు ఇంకొకరిది అవుతుంది. స్కోరు పుస్తకంలో నిమిషం, కొట్టినవాడి నంబరు, అందించినవాడి నంబరు అప్పటికప్పుడే రాయాలి.

గ్రూపులో రెండు జట్లు సమానమైతే ఏం చూడాలో కూడా ముందే రాసి, ఎనిమిది మంది కెప్టెన్ల చేత సంతకం పెట్టించండి. 2018 ప్రపంచ కప్‌లో జపాన్, సెనెగల్ రెండింటివీ 4 పాయింట్లు. కొట్టినవి 4, వదిలినవి 4. ఒకరితో ఒకరు ఆడింది 2-2. చివరికి పసుపు కార్డులు లెక్కపెట్టారు. జపాన్‌కు 4, సెనెగల్‌కు 6. జపాన్ ముందుకు పోయింది. ఆ నియమం ముందే కాగితం మీద ఉంది కాబట్టే నిలబడింది. మీ స్కోరు పుస్తకంలో కార్డులకూ ఒక గడి గీయండి.

ప్రశ్న: ఆసియా కప్ ఫైనల్లో మూడు పెనాల్టీలు కొట్టినందుకే ఖతార్ అక్రమ్ అఫీఫ్‌ను మేటి ఆటగాడు అన్నారా?
*ప్రొద్దుటూరు*

జవాబు: ఆ మూడింటితోనే జోర్డాన్ మీద 3-1తో గెలిచారన్నది నిజం. కానీ టోర్నీలో అతనివి 8 గోల్స్, అందరికన్నా ఎక్కువ. పెనాల్టీ తేలిక అనుకునేవాళ్లకు ఒక మాట: ఒకే గోల్‌కీపర్ మీద, ఒకే రాత్రి మూడు కొట్టాలంటే మూడోసారి ఎటు కొడతాడోనని అవతలివాడు పూర్తిగా కాచుకుని ఉంటాడు. అఫీఫ్‌కు ఇవ్వడం సరైనదే.

ప్రశ్న: ఇట్లాంటి జాబితాల్లో మనోళ్ల పేరు ఎప్పుడైనా ఉందా?
*విద్యార్థి, తాడిపత్రి*

జవాబు: ఉంది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఇండియా ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి సెమీస్‌కు పోయింది, చివరికి నాలుగో స్థానంలో నిలిచింది. ఆస్ట్రేలియా మీద నెవిల్ డిసౌజా మూడు గోల్స్ కొట్టాడు. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో హ్యాట్రిక్ చేసిన మొదటి ఆసియా ఆటగాడు అతనే. మొత్తం 4 గోల్స్‌తో ఆ ఒలింపిక్స్‌లో ఎక్కువ గోల్స్ కొట్టినవాళ్ల సరసన నిలిచాడు. ఆ జట్టుకు కోచ్ హైదరాబాద్ సయ్యద్ అబ్దుల్ రహీం. 1962లో జకార్తా ఆసియా క్రీడల ఫైనల్లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి బంగారు పతకం తెచ్చిన జట్టుకూ ఆయనే కోచ్. ఆ రోజు గోల్స్ పీకే బెనర్జీ, జర్నైల్ సింగ్ కొట్టారు. జర్నైల్ సింగ్ అసలు రక్షకుడు. రహీం సాబ్ అతన్ని ముందు వరుసలో ఆడించారు.