ముందు మన కొండెంగల దగ్గర కూర్చో

అచ్చంపేట

సరితా బిడ్డా,

నవంబర్‌లో అస్సాం పోయి బంగారు లంగూర్, అదే బంగారు రంగు కొండెంగ, ఫొటోలు తీస్తావని మీ అమ్మ చెప్పింది. సంతోషం. కొత్త లెన్స్ కొనే ముందు నాలుగు రోజులు నా దగ్గరికి రా. ఆకులు తినే కోతిని చూడడం ఉమామహేశ్వరం గుట్ట కింద మన కొండెంగల దగ్గరే నేర్చుకోవచ్చు.

తెల్లారేసరికి చెట్టు కింద ఉండాలి. కొండెంగ లేత చిగురు ఏరుకుని, కాడ దాకా నమిలి, ముదురాకును కిందికి వదిలేస్తుంది. ఫర్హాబాద్ వైపు అడవిలో ఆ రాలిన ఆకుల కోసం దుప్పులు కింద కాచుకుని ఉంటాయి. ఎండెక్కాక కొమ్మకు ఆనుకుని, తోక వేలాడేసి, గంటల తరబడి కదలదు. బోర్ కొట్టి లేచి రాకు. దాని పొట్ట కూడా ఆవు పొట్టలాగే అరలు అరలుగా ఉంటుంది. లోపల సూక్ష్మజీవులు ఆకును పులియబెడుతుంటాయి. సాయంత్రం మళ్లీ మేతకు కదులుతుంది, నీకు మంచి ఫొటో అప్పుడే.

తినడానికి మాత్రం ఏమీ పెట్టకు. ఒకప్పుడు ఎర్రమూతి కోతుల్ని తరమడానికి మా వీధిలో ఓ కొండెంగను తాడు కట్టి తెచ్చారు. అది 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరమని మాకెవరికీ పట్టలేదు. రోజూ బిస్కెట్లు పెట్టింది నేనే. వారం తిరక్కుండా దాని కడుపు ఉబ్బింది. తీపీ పిండీ ఎక్కువైతే ఆ పొట్టలో ఆమ్లం పెరుగుతుందని పశువుల డాక్టర్ చెప్పాకే తెలిసింది. గువహటి దగ్గర ఉమానంద దీవిలో వదిలిన బంగారు లంగూర్లకూ జనం ఇలాగే పెట్టారు. ఇప్పుడక్కడ ఒక్కటీ లేదు.

అస్సాంలో బంగాయిగావ్ జిల్లా కాకోయిజానా అడవికి పో. మన కొండెంగలా బంగారు లంగూర్ మాటిమాటికీ నేలకు దిగదు, మెడ నొప్పి ఖాయం. ముఖం నలుపే కానీ, వేసవిలో మీగడ రంగులో ఉండే బొచ్చు చలికాలానికి ముదురు బంగారు రంగుకు తిరుగుతుంది. అందుకే నీ నవంబర్ మంచి నెల. మానస్, సంకోశ్, బ్రహ్మపుత్ర నదుల నడుమ, పైన భూటాన్‌లో తప్ప అది సహజంగా ఇంకెక్కడా లేదు. చెట్లు తెగిన చోట కరెంటు తీగలు పట్టుకునో, రోడ్డు దాటుతూనో చస్తున్నాయి. అడవి పక్క రోడ్డులో డ్రైవర్‌ను మెల్లగా పొమ్మను.

ఆదివారం రా. సంచిలో పల్లీలు పెట్టుకోకు, గుడి మెట్ల దగ్గర ఎర్రమూతివి సంచితో సహా గుంజుకుంటాయి.

నీ మేనమామ